నష్టం ఎవరి ఖాతాలో?

తెనాలి,
ఆదివారం

చి. మురళికి అత్తయ్య ఆశీస్సులు.

తొమ్మిదో తరగతికి ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ క్లాసు నీకే అప్పజెప్పారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ సాయంత్రమే నీ మెసేజ్ కూడా వచ్చింది, వేరే దేశాల్లో ఈ పాఠం ఎలా చెబుతారో కాస్త రాసిపెట్టమని. ఇంటర్ పిల్లలకు కామర్స్ చెప్పినన్నాళ్లూ నేను ఇష్టంగా వెతుక్కుని చదివిన సంగతులివే. మెసేజ్‌లో ఇమిడేవి కావు, అందుకే ఉత్తరం. తీరిగ్గా చదువుకో.

పుస్తకాలన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి నాయనా. అవకాశం కనిపెట్టు, ప్రణాళిక వెయ్యి, పెట్టుబడి తెచ్చుకో, సరుకు అమ్ము. ఏ దేశం పాఠం తిరగేసినా ఈ నాలుగు ముక్కలే. అసలు తేడా ఇంకోచోట ఉంది. పిల్లవాడికి నష్టం వస్తే ఆ డబ్బు ఎవరి జేబులోంచి పోతుంది? పోయాక వాడి పక్కన కూర్చుని లెక్క చూసేది ఎవరు? నేను ఏ దేశం సంగతి చదివినా ముందు ఈ రెండూ వెతుకుతాను. ఆ దేశం పిల్లలకు నిజంగా ఏం నేర్పుతోందో అక్కడే తెలిసిపోతుంది.

ఫిన్లాండ్‌తో మొదలుపెడతాను. అక్కడ ఆరో తరగతి పిల్లల కోసం 2010లో ఒక బొమ్మ నగరం కట్టారు. ఇంగ్లీషులో 'మీ అండ్ మై సిటీ' అంటారు. ఇప్పుడు దేశంలో చాలాచోట్ల ఉంది, ఆ వయసు పిల్లల్లో ఎక్కువమంది ఏదో ఒక రోజు అక్కడికి వెళ్లివస్తారు. ముందు బడిలో పది దాకా పాఠాలు ఉంటాయి: జీతం అంటే ఏమిటి, పన్ను ఎక్కడికి పోతుంది, ఉద్యోగానికి దరఖాస్తు ఎలా రాయాలి. పిల్లలు దరఖాస్తు పెట్టుకుంటారు, ఇంటర్వ్యూకి కూర్చుంటారు, తలా ఒక పని దక్కుతుంది. ఇక వెళ్లిన రోజు ఒకడు బ్యాంకులో, ఒకతె పత్రికలో, ఇంకొకరు దుకాణంలో, మరొకరు నగర కార్యాలయంలో. పని చేస్తే జీతం ఖాతాలో పడుతుంది. విరామంలో వాళ్లే వినియోగదారులై ఆ జీతం ఖర్చుపెడతారు. కొనేవాళ్లు లేకపోతే దుకాణానికి రాబడి లేదు, రాబడి లేకపోతే జీతాలకు కష్టం, పన్ను రాకపోతే నగరం నడవదు. ఇవన్నీ ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఉన్నాయన్న సంగతి ఒక్క పూటలో వాళ్ల ఒంటికి తెలుస్తుంది.

నాకు ఇందులో నచ్చింది ఒకటుంది. ఆ నగరంలో అందరూ యజమానులు కారు. నర్సు పని, గుమాస్తా పని కూడా మేనేజరు పనంత ముఖ్యంగానే చూస్తారు. 2016 నుంచి అమల్లో ఉన్న వాళ్ల పాఠ్యప్రణాళికలో కూడా వ్యాపారం పెట్టే నేర్పునూ పని చేసే నేర్పునూ కలిపి ఒకే సామర్థ్యంగా రాశారు. నచ్చనిది కూడా చెబుతాను. ఆ బొమ్మ దుకాణాల మీద నిజం కంపెనీల పేర్లే ఉంటాయి. పన్నెండేళ్ల పిల్లల ముందు అంత ప్రచారం నాకు మింగుడుపడదు. మీ ఊళ్లో ఎవరైనా మీ పిల్లల స్టాల్‌కి టెంటు వేయిస్తాం, మా బ్యానర్ కట్టండి అంటే టెంటు వద్దనే చెప్పు. సరే, ఇక్కడ నష్టం ఎవరిది? ఎవరిదీ కాదు, బొమ్మ డబ్బు. ఆ వయసుకి అది చాలు. నీ పిల్లలు పద్నాలుగేళ్లవాళ్లు, వాళ్లకు చాలదు.

బ్రిటన్‌లో 'యంగ్ ఎంటర్‌ప్రైజ్' అనే సంస్థ 1960ల మొదట్లో పుట్టింది. వాళ్లు నడిపే పోటీల్లో హైస్కూలు పిల్లలకు తలా 10 పౌండ్లు, చిన్నపిల్లలకు 5 పౌండ్లు ఇస్తారు. నెల రోజుల్లో దానితో ఏం చేస్తారో చేసి అసలు తిరిగి ఇచ్చేయాలి. డబ్బు చిన్నది, గడువు చిన్నది, కానీ అప్పు అప్పే. ఇందులో నీ క్లాసుకి పనికొచ్చేది ఆ గడువు. మూడో వారంలో కూడా ఏమీ అమ్మని పిల్లవాడికి గడువు చెప్పే పాఠం ఏ మాస్టారూ చెప్పలేడు.

స్వీడన్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. పిల్లల చేత కంపెనీ పెట్టించే పద్ధతి పుట్టింది అమెరికాలో, 1919లో 'జూనియర్ అచీవ్‌మెంట్' అనే సంస్థ చేతిలో. స్వీడన్‌లో 1980 నుంచి ఉంది. ఇంటర్ వయసు పిల్లలు నలుగురైదుగురు కలిసి నిజంగానే ఒక చిన్న కంపెనీ పెడతారు. ఊళ్లోని ఒక వ్యాపారిని సలహాదారుగా పెట్టుకుంటారు. చదువుల ఏడాది పొడుగునా నడుపుతారు, సంతల్లో బల్ల వేసుకుని అమ్ముతారు. ఏడాది చివర చేసే పని చూడు: వార్షిక నివేదిక రాసి, బాకీలు తీర్చి, మిగిలింది పంచుకుని, కంపెనీని మూసేస్తారు. బాగా నడిచినా సరే, ఆ కంపెనీ అక్కడితో సరి. మూయడం కూడా పాఠంలో భాగమే.

మన వైపు దుకాణం తెరవడానికి ముహూర్తం ఉంది, కొబ్బరికాయ ఉంది, వచ్చిన వాళ్లకు మిఠాయి ఉంది. మూయడానికి ఏమీ లేదు. అందుకే ఎన్ని కుటుంబాలు నడవని కొట్టుని మూయలేక, అయిదు రూపాయల వడ్డీకి తెచ్చి మరీ నిలబెట్టి మునిగిపోయాయో మన వీధిలోనే చూశావు. మూసేస్తే పరువు పోతుందన్న భయం అసలు నష్టం కన్నా ఎక్కువ తినేస్తుంది. పదహారేళ్లకే ఒకసారి లెక్క కట్టి, బాకీ తీర్చి, తలెత్తుకుని మూసేసిన పిల్లకు ఆ భయం ఉండదు. నీ క్లాసుకి స్వీడన్ నుంచి ఒక్కటి తీసుకోగలిగితే ఇదే తీసుకో.

ఈ స్వీడన్ పిల్లల మీద 2015లో ఒక అధ్యయనం అచ్చయింది. బడిలో కంపెనీ నడిపినవాళ్లనూ, అన్నిట్లో వాళ్లలాంటివాళ్లే అయి నడపనివాళ్లనూ పక్కపక్కన పెట్టి, చదువు అయ్యాక 16 ఏళ్ల దాకా వెంబడించారు. నడిపినవాళ్లు సొంత వ్యాపారం పెట్టడం ఎక్కువ, దాని మీద సంపాదన కూడా ఎక్కువే. అయితే ఆ వ్యాపారాలు ఎక్కువకాలం నిలబడ్డాయా అంటే, ఆ విషయంలో తేడా ఏమీ లేదు. బడి ధైర్యం ఇచ్చింది, ఆయుష్షు ఇవ్వలేదు. ఎవరైనా వచ్చి ఈ కోర్సు చదివితే జీవితంలో ఓటమే ఉండదని నీ పిల్లల ముందు ఉపన్యాసం ఇస్తే ఈ మాట గుర్తుచెయ్యి.

ఇంకో రెండు అధ్యయనాలు నెదర్లాండ్స్‌వి. 2010లో అచ్చయినది వృత్తివిద్యా కళాశాల పిల్లల మీద. ఇదే రకం చిన్న కంపెనీ నడిపించాక చూస్తే, నైపుణ్యాల్లో చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు, పైగా వ్యాపారం పెడతామనేవాళ్ల ఉత్సాహం తగ్గింది. 2014లో వచ్చినది పదకొండు, పన్నెండేళ్ల పిల్లల మీద, అయిదు రోజుల కార్యక్రమం. అక్కడ కూడా వ్యాపారం పెట్టాలన్న కోరిక తగ్గింది, పుస్తక జ్ఞానంలో మార్పు లేదు. కానీ పట్టుదల, తమ మీద తమకు నమ్మకం, కొత్తగా ఆలోచించే గుణం, ఇలాంటివి స్పష్టంగా పెరిగాయి. చాలామంది ఇది చదివి కార్యక్రమం విఫలమైంది అంటారు. నాకు అలా అనిపించదు. వ్యాపారం ఎంత చాకిరీయో చూశాక తనకిది వద్దని ఒక పిల్ల తేల్చుకుంటే ఆ క్లాసు ఆమెకు మేలే చేసింది. పైవాళ్లు నీ ఫలితాన్ని 'ఎంతమంది వ్యాపారం పెడతామన్నారు' అని చేతులెత్తించి లెక్కపెట్టబోతారు. అలా లెక్కపెట్టనివ్వకు.

రువాండా సంగతి మనకు చాలా దగ్గర. హైస్కూల్లో ఈ పాఠాన్ని అక్కడ తప్పనిసరి సబ్జెక్టు చేశారు. పుస్తకం ఉంది, పరీక్ష ఉంది. దాంతో ఏం జరుగుతుందో నీకు నేను చెప్పాలా? నిర్వచనాలు రాయడం, లాభాలు నష్టాలు పట్టిక గీయడం. 2016లో పద్ధతి మార్చి, పిల్లలు చేసి నేర్చుకోవాలన్నారు. కొత్త పుస్తకంతో పాత అలవాటు పోదని తెలిసి, కొన్ని బడుల్లో టీచర్లకు ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చి, బడిలో వ్యాపార క్లబ్బులు పెట్టించి, మిగతా బడులతో పోల్చి చూశారు. ఫలితాలు 2021లో వచ్చాయి. శిక్షణ పొందిన టీచర్లు నిజంగానే పాఠం చెప్పే తీరు మార్చుకున్నారు. వాళ్ల పిల్లలు చిన్నాచితకా వ్యాపారాల్లో ఎక్కువగా దిగారు. అంతే మేరకు కూలికీ జీతానికీ వెళ్లడం తగ్గింది. మొత్తం మీద సంపాదన మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఈ ఒక్క ఫలితాన్ని నువ్వు బల్ల మీద రాసి పెట్టుకోవాలి మురళీ. ఉద్యోగం తక్కువ, వ్యాపారం ఎక్కువ అని క్లాసులో ఎన్నడూ అనకు. నీ బెంచీల మీద కూర్చున్నవాళ్లలో సగం మంది కూలి చేసే తల్లిదండ్రుల పిల్లలు. 'ఉద్యోగం అడిగేవాడివి కాకు, ఇచ్చేవాడివి అవు' అనే నినాదం వినడానికి బాగుంటుంది, కానీ ఆ పిల్లవాడి చెవికి అది వాళ్ల నాన్న చేతగానివాడని వినిపిస్తుంది. ఊళ్లో పని లేకపోవడానికి కారణం ఆ ఇంట్లో ఐడియా లేకపోవడం కాదు.

అమెరికాలో మిగతావన్నీ దాటేసి ఒక్కటి చెబుతాను. స్టీవ్ మారియొట్టి అనే ఆయన వ్యాపారం మాని న్యూయార్క్‌లో పేద పిల్లల బడికి టీచరుగా వెళ్లాడు. బడి చేతులెత్తేసిన పిల్లలు, ధరలు, లాభాల మాట ఎత్తేసరికి చెవులు రిక్కించడం గమనించాడు. 1987లో దానికోసమే ఒక సంస్థ పెట్టాడు. వాళ్ల పాఠానికి వెన్నెముక 'ఒక్క వస్తువు లెక్క'. మొత్తం కొట్టు లెక్క తర్వాత. ముందు ఒక్క పొట్లం తయారవడానికి ఎంతయింది, ఎంతకు అమ్మావు, ఎంత మిగిలింది. ఇంతకన్నా పనికొచ్చే పాఠం ఈ మొత్తం వ్యవహారంలో నాకు దొరకలేదు. ఎందుకో చెబుతాను.

ఒక హైస్కూల్లో పిల్లల సంత జరుగుతుంటే వెళ్లాను. ఒక అమ్మాయి మురుకుల పొట్లాలు పెట్టుకుని అమ్ముతోంది. ఒక్కోటి 10 రూపాయలు, 40 పొట్లాలూ అయిపోయాయి. మైకులో అందరినీ చప్పట్లు కొట్టమన్నారు: పెట్టుబడి 30 రూపాయలు, లాభం 370 అని. ఆ 30 కవర్లకు. నేను ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. బియ్యప్పిండి, శనగపిండి ఎక్కడివి? ఇంట్లోవి. నూనె? ఇంట్లోదే. పిండికి 120, నూనెకి 160, గ్యాసుకి 25, కవర్లకి 30, మొత్తం 335. మిగిలింది 65. మరి మురుకులు ఎవరు చేశారమ్మా అన్నాను. అమ్మ, తెల్లారుజామున లేచి మూడు గంటలు చేసింది. గంటకు 40 వేసుకున్నా 120. 370 లాభం కాస్తా 55 నష్టం అయింది. ఆ పిల్ల చాలాసేపు ఆ కాగితం చూసి, "అయితే పొట్లం 15 పెట్టాలి, లేకపోతే అమ్మకి డబ్బులివ్వాలి కదండీ" అంది. ఆ రోజు ఆ సంతలో జరిగిన చదువు అదొక్కటే.

చూశావా, అక్కడ నష్టం ఎవరి ఖాతాలో పడింది? తల్లి ఖాతాలో. పడినట్టు ఎవరికీ తెలియలేదు కూడా. మన బడుల్లో జరిగే ఇలాంటి సంతల్లో నూటికి తొంభై ఇంతే.

మన దేశంలో ఈ పాఠాన్ని పెద్ద ఎత్తున తలకెత్తుకున్నది ఢిల్లీ. 2019లో ప్రభుత్వ బడుల్లో 9 నుంచి 12 దాకా ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ క్లాసు పెట్టారు. పిల్లలకు పాఠ్యపుస్తకం లేదు, పరీక్ష లేదు. అది సాహసమే, మెచ్చుకోవాలి. 2021లో 'బిజినెస్ బ్లాస్టర్స్' అని 11, 12 తరగతుల పిల్లలకు తలా 2,000 రూపాయలు మూలధనంగా ఇచ్చారు. ఇంచుమించు 3 లక్షల మంది పిల్లలు. నష్టం వచ్చినా అది సర్కారు డబ్బు, పేద పిల్ల ఇంటి మీద పడేది కాదు. ఈ ఒక్క మాటకే నేను ఆ పథకాన్ని ఎంతో మెచ్చుకుంటాను. కానీ దాన్ని టీవీ పోటీగా కూడా మార్చారు. తెర మీదికి వచ్చింది గెలిచిన జట్లే. 2,000 పోగొట్టుకున్న పిల్లల దగ్గర కూర్చుని ఎందుకు పోయిందో చూసేవాళ్లు ఉంటేనే ఆ డబ్బుకి న్యాయం జరిగేది. ప్రభుత్వం మారాక 2025లో ఆ పథకం స్థానంలో వేరే పథకం వచ్చింది. బడిలో పాఠం కుదురుకోవడానికి పదేళ్లు పడుతుంది, మనవాళ్లకు అంత ఓపిక ఎప్పుడూ లేదు.

ఇంకా వెనక్కి వెళితే వార్ధా విద్యా పథకం ఉంది. 1937లో గాంధీగారు చేతిపని ద్వారా చదువు అన్నారు, పిల్లలు వడికిన నూలు అమ్మి టీచరు జీతం రావాలన్నారు. జాకీర్ హుస్సేన్ కమిటీ ఆ పథకాన్ని వివరంగా రాస్తూనే, రాబడి మీద ధ్యాస ఎక్కువైతే చదువు దెబ్బతింటుందని తన నివేదికలోనే హెచ్చరించింది. పిల్లవాడి నూలు తెగిపోతే పంతులు పస్తుండాల్సి వచ్చే బడిలో ఆ పంతులు పిల్లవాడిని తప్పులు చేయనిస్తాడా? చేయనివ్వడు. అందుకే చెబుతున్నాను, పిల్లల సంతలో వచ్చిన డబ్బుతో బడికి ఫ్యాన్లు కొనాలని ఎవరన్నా అంటే ఒప్పుకోకు.

ఇక నీ పని. ముందు హెడ్మాస్టరు గారితో మాట్లాడి, పూర్వ విద్యార్థుల దగ్గరో ఇంకెక్కడో ఒక మూడు వేలు పోగుచెయ్యి. జట్టుకి అయిదుగురు, జట్టుకి 300 చాలు. అంతకుమించి ఇంటినుంచి ఒక్క రూపాయి తేకూడదని గట్టిగా చెప్పు. పచారీ కొట్టు వాళ్ల అబ్బాయి సరుకంతా ఇంటినుంచి తెస్తే, కూలివాళ్ల అమ్మాయి వాడితో పోటీ పడలేదు. ఇంటి సరుకు వాడితే దాని ధర కట్టి రాయాల్సిందే. అమ్మ సాయం చేస్తే ఆవిడ కూలి కట్టి రాయాల్సిందే, ఇచ్చినా ఇవ్వకపోయినా. డబ్బు పోతే అడగవని మొదటి రోజే చెప్పు. లెక్క మాత్రం అడుగుతావని కూడా చెప్పు.

లెక్క నేర్పడానికి నీకు బయటినుంచి నిపుణులెవరూ అక్కర్లేదు. నీ పిల్లల తల్లుల్లో పొదుపు సంఘంలో లేనివాళ్లు ఎంతమంది ఉంటారు? తొంభైల నుంచి మన ఆడవాళ్లు వారం వారం, నెల నెలా కూర్చుని పొదుపు రాసుకుంటున్నారు, తీర్మానాలు చేసుకుంటున్నారు, బాకీ పడ్డామె ఇంటికి వెళ్లి మాట్లాడి వసూలు చేసుకుంటున్నారు. సంఘం లీడరుని క్లాసుకి పిలిచి, మినిట్స్ పుస్తకం తెమ్మను. ఎవరికి అప్పు ఇవ్వాలో, ఎవరికి ఈసారి వద్దో ఎలా తేల్చుకుంటారని పిల్లల చేత అడిగించు. స్వీడన్ పిల్లలకు సలహాదారుగా వ్యాపారి వస్తాడు. మీ ఊళ్లో ఆవిడ వస్తుంది. ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, పిల్లలతో మేడం అనిపించు.

సంత జరిగిన రోజు కన్నా తర్వాతి వారం ముఖ్యం. ఆ వారంలో ఒక రోజు 'మూసే రోజు' పెట్టు. ప్రతి జట్టూ లేచి వచ్చిన డబ్బు, పోయిన డబ్బు, మిగిలింది చదవాలి. నష్టపోయిన జట్టుని ముందు పిలువు, ఎక్కువసేపు మాట్లాడనివ్వు. లాభం వచ్చినవాళ్లకు బహుమతి వద్దు. మార్కులు వద్దు. లెక్క దాచకుండా రాసిన జట్టు ఏదైనా, నష్టమైనా లాభమైనా, వాళ్ల పుస్తకం అందరికీ చూపించు. మిగిలిన డబ్బు మళ్లీ మూలధనంలో కలిపి, వచ్చే ఏడాది తొమ్మిదో తరగతికి దాచు. ఈ ఏడాది పిల్లలే ఆ డబ్బు వాళ్లకు అప్పజెప్పాలి.

ఒక్క జాగ్రత్త. నష్టం వచ్చిన పిల్లవాడు ఏడిస్తే నీ జేబులోంచి తీసి సర్దేయకు. నీ గుణం నాకు తెలుసు, అందుకే ముందే చెబుతున్నాను. వాడి పక్కన కూర్చో, కాగితం తీయించు, మొదటి అంకె నుంచి చదివించు.

ఇక్కడ గాంధీచౌక్ దగ్గర పొడుగాటి చిట్టా పుస్తకాలు దొరుకుతున్నాయి, పాత తరహావి, ఎడమ వైపు జమ, కుడి వైపు ఖర్చు గళ్లతో. జట్టుకొకటి చొప్పున ఎన్ని కావాలో రాయి, మీ బాబాయి వచ్చే వారం ఒంగోలు వస్తున్నాడు, ఇచ్చి పంపుతాను. మూసే రోజు ఏ తేదీయో మాత్రం ముందుగా చెప్పు. ఆ రోజు నేను బస్సెక్కి వస్తాను.

అమ్మనీ నాన్ననీ అడిగానని చెప్పు.

ప్రేమతో,
అత్తయ్య